కెమెరా కింద బెంచీ

ప్రతి వేసవిలోనూ మమ్మల్ని ఒకసారి ఉద్యోగంలోంచి తీసేస్తారు. మళ్ళీ తరగతులు మొదలయ్యే ముందు ఫోన్ చేసి పిలుస్తారు. కాంట్రాక్టు అధ్యాపకుల బతుకు ఇంతే. గేటు మీద విశ్వవిద్యాలయ కళాశాల అని ఎంత పెద్ద అక్షరాలు రాయించుకున్నా, లోపల పాఠాలు చెప్పేవాళ్ళలో చాలామందిమి ఇలా ఏటేటా పోయి వచ్చేవాళ్ళమే. మే నెలంతా ఫోను చేత్తో పట్టుకుని తిరుగుతాం. స్నానానికి పోతే దాన్ని భార్య చేతికిచ్చి మరీ పోతాం. ఆ రోజుల్లో మా ఊళ్ళో ఎవరైనా "ఇప్పుడేం చేస్తా ఉండావు?" అని అడిగితే నాకు ఒళ్ళు మండిపోతుంది. వాళ్ళు మామూలుగానే అడుగుతారు. మంట నాది.

నేను జంతుశాస్త్రం చెబుతాను. మాది పులికాట్ ఒడ్డున చేపలు పట్టే కుటుంబం. అక్క చరిత్ర చెప్పేది. సొంత అక్క కాదు. చిట్టమూరు వైపు వరి పండించే ఇంటి ఆడబిడ్డ. నేను చేరిన రోజు స్టాఫ్ రూములో నాకు కుర్చీ లేదు. "నాకు క్లాసుంది, నువ్వు కూర్చో" అని తన కుర్చీ నా వైపు జరిపి వెళ్ళిపోయింది. ఆ గంటలో ఆమెకు క్లాసు లేదని, గంటసేపూ వరండాలో నిలబడిందని నాకు తర్వాత తెలిసింది. అప్పటినుంచి ఆమె నాకు అక్క. మధ్యాహ్నం నేను తెచ్చిన రొయ్యల వేపుడు ఆమె గిన్నెలోకి, ఆమె తెచ్చిన మొలగొలుకుల బియ్యపు అన్నం నా గిన్నెలోకి పోయేవి.

జుట్టు నల్లగా ఉన్నప్పుడు చేరిన మనిషి, సగం నెరిసేదాకా అక్కడే ఉంది. పర్మినెంటు పోస్టులు పడతాయి, పడతాయి అంటూనే ఆమె వయసు దాటిపోయింది. "ఇంక నన్నెవురు పిలస్తారబ్బయ్యా. ఆ నల్లబల్ల ముందర నిలబడి చెప్పడం తప్ప నాకు ఇంకో పని రాదు" అనేది. బాధగా కాదు, ఉన్న సంగతి చెప్పినట్టు అనేది. మే నెలంటే నాకు కోపం. అక్కకు భయం.

ఆమె పాఠం చెప్పే తీరు గురించి ఒక్క మాట చెప్పాలి, లేకపోతే మిగతాదంతా చెప్పి లాభం లేదు. అక్క పిల్లకాయల మాట నమ్మేది కాదు. "అర్థమైందా?" అని అడిగి, "అర్థమైంది మేడమ్" అని తరగతంతా రాగం తీస్తే, ఆ రాగాన్ని వదిలేసి ముఖాలు చూసేది. ఎక్కడో మూడో బెంచీలో ఒక పిల్ల కళ్ళు దించుకుని ఉంటే చాలు, "మీకు అర్థం కాలా. రాండి, మళ్ళీ మొదట్నించి పోదాం" అని సుద్దముక్క తీసుకునేది. ఆ మళ్ళీ చెప్పేది ముందు చెప్పినట్టు ఉండేది కాదు. కొత్త దారిలో తీసుకొచ్చేది. నేను ఎన్నోసార్లు కిటికీ దగ్గర నిలబడి విన్నాను. నాకు ఆ విద్య పూర్తిగా పట్టుబడలేదు.

ఇలా ఉండగా, పోయినేడు చలికాలంలో మాకు శిక్షణ వచ్చింది. వృత్తి నైపుణ్యాభివృద్ధి అని బ్యానరు కట్టారు. బ్యానరుకు ఒక పక్క తాడు సముద్రపు గాలికి రెండో రోజే తెగింది. శిక్షణ అయిపోయేదాకా అది అలాగే వేలాడింది. మాలో చాలామందికి పాఠాలు చెబుతూనే తల నెరిసింది. మాకు పాఠం చెప్పడం నేర్పించడానికి హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చాడు. చెడ్డవాడు కాదు. మర్యాదస్తుడు, నవ్వుముఖం. అందర్నీ గుండ్రంగా నిలబెట్టి ఒక రబ్బరు బంతి విసిరాడు. ఎవరి చేతికొస్తే వాళ్ళు తమ గురించి ఒక మంచి మాట చెప్పుకోవాలట. మా రసాయనశాస్త్రం పెద్దాయన బంతి పట్టుకుని, పెళ్ళిచూపుల్లో పిల్లలా సిగ్గుపడిపోయాడు. బంతి అక్క చేతికొచ్చింది. కాసేపు దాన్ని తిప్పి చూసి, "నేను ఇంకా ఈడనే ఉండా" అంది. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది.

తర్వాత రంగురంగుల చీటీలు పంచారు. మీ బోధనకు పెద్ద అడ్డంకి ఏమిటో ఒక్క మాటలో రాసి గోడకు అంటించమన్నాడు. నేను "మే నెల" అని రాశాను. ఆయన దాన్ని పైకి చదివి, "అవును సార్, ఇక్కడ ఎండలు బాగా ఎక్కువని విన్నాను" అని జాలిపడ్డాడు. గదిలో ఒక్కరూ నవ్వలేదు. కాంట్రాక్టు వాళ్ళకు నవ్వు రాలేదు, పర్మినెంటు వాళ్ళకు అర్థం కాలేదు.

అసలు సంగతి ప్రిన్సిపాల్ గారు మొదటిరోజే చెప్పారు. ఈ శిక్షణలో ప్రతి ఒక్కరూ తమ సబ్జెక్టు మొత్తాన్ని వీడియో పాఠాలుగా తయారుచేయాలి. చేసినవాళ్ళకు వచ్చే ఏడాది రెన్యువల్‌లో మొదటి ప్రాధాన్యం. ఆ మాటకు మేం కొట్టిన చప్పట్లు నాకు ఇప్పటికీ వినపడుతున్నాయి. అక్క నా పక్కనే కూర్చుని చేతులు ఎర్రబడేలా కొట్టింది. "ఈ ఒక్క ఏడు కుదిరితే చాలు, ఆ తర్వాత వాళ్ళే మనల్ని వదిలిపెట్టరు" అని నా చెవిలో అంది. ఇన్నేళ్ళుగా ఆమెకు ఎవరూ ఏ మాటా ఇవ్వలేదు. ఇచ్చిన మొదటి మాటను ఆమె నమ్మింది. నేనూ నమ్మాను.

రికార్డింగుకు పాత సామాన్లు పెట్టుకునే గది ఇచ్చారు. రోడ్డు మీద కృష్ణపట్నం పోయే లారీల హారన్లు లోపలికి రాకుండా కిటికీలు మూయాలి. గరగర శబ్దం వస్తుందని ఫ్యాన్ ఆపాలి. మూడుకాళ్ళ స్టాండుకు ఫోను బిగించి, "కెమెరానే మీ స్టూడెంట్ అనుకోండి సార్" అన్నాడు శిక్షకుడు. నేను అనుకున్నాను. ఎంత అనుకున్నా అది ఫోనే. పిల్లలు లేని గదిలో పాఠం చెప్పడమంటే నాకు దెయ్యంతో మాట్లాడినట్టు అనిపించింది. ఇన్నేళ్ళుగా నిద్రలో లేపినా చెప్పగలిగిన పాఠం, రొయ్య గుల్ల వదిలి పెరగడం, మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాను, మళ్ళీ ఆగాను. బయట వరసలో ఉన్నవాళ్ళు తలుపు కొడుతున్నారు.

అప్పుడు అక్క లోపలికొచ్చింది. "ఆ గాజు కంటికి ఏం చెప్తావులే" అని ఒక బెంచీ లాక్కొచ్చి, సరిగ్గా కెమెరా కిందే వేసుకుని కూర్చుంది. "నన్ను చూసి చెప్పు. నేను నీ పిల్లకాయని."

పాఠం వచ్చేసింది. మనిషి ముఖం కనపడేసరికి ఎక్కడ దాక్కున్న మాటలు అక్కడినుంచి నడిచొచ్చాయి. అక్క ఊరికే కూర్చోలేదు. మధ్యలో చెయ్యెత్తి, నిజంగా తెలీకే అడిగింది: "సార్, గుల్ల వదిలినప్పుడు, కొత్తది వస్తాదని రొయ్యకి తెలస్తాదా?" పాఠ్యపుస్తకంలో అలాంటి ప్రశ్న లేదు. రొయ్యకు తెలుస్తుందో లేదో మనం చెప్పలేం, కానీ కొత్త గుల్ల పాతదాని కిందే మెత్తగా తయారై ఉంటుంది, అది గట్టిపడేదాకా రొయ్య ఎక్కడో దాక్కుంటుంది, ఆ సమయంలో దొరికితే తోటి రొయ్యలే తినేస్తాయి అని చెప్పాను. ఆ జవాబు వీడియోలో ఉంది. నేను చెప్పిన పాఠాలన్నిట్లోకీ బాగా వచ్చింది అదే.

ఆ బెంచీ సంగతి మిగతావాళ్ళకు తెలిసింది. భౌతికశాస్త్రానికి రసాయనశాస్త్రం కూర్చుంది, తెలుగుకు ఇంగ్లీషు కూర్చుంది. పిల్లకాయల బెంచీ అని దానికి పేరు పడింది. శిక్షకుడికి కొత్తలో నచ్చలేదు. పాఠంలో వేరే గొంతులు ఉండకూడదన్నాడు. ప్రతి అంశం తర్వాత "అర్థమైందా?" అని అడిగి కాసేపు ఆగండి, చూసే పిల్లలు జవాబు చెప్పుకుంటారు అన్నాడు. అక్కడే మా చేత కాలేదు. అర్థమైందా అని అడిగి, జవాబు రాకుండా ముందుకు పోవడం మాలో ఒక్కరికీ రాదు. ఆగినచోటే ఆగిపోయేవాళ్ళం. అందుకని బెంచీ మీద ఉన్నవాళ్ళు "అర్థమైంది సార్", "అర్థమైంది మేడమ్" అని పలకడం అలవాటైంది. ఆ మాట పడితేనే బండి కదిలేది. చివరికి శిక్షకుడు కూడా విసిగిపోయి, పోనీలెండి, సహజంగా ఉంది అనేశాడు.

అక్క పాఠాలకు నేను కూర్చున్నాను. బకింగ్‌హాం కాలువ పాఠం ఇప్పటికీ నా కళ్ళముందు ఉంది. కరువు రోజుల్లో కూలికి తవ్వించిన కాలువ, అందులో పడవల మీద ఉప్పు, వడ్లు చెన్నపట్నం పోవడం, ఆ పడవలు పోయి లారీలు రావడం. ఆమె తరగతి గది కిటికీలోంచి చూస్తే దూరంగా ఆ కాలువ గట్టు కనపడేది. చెప్పేటప్పుడు ఎడమచెయ్యి ఆ వైపు చాచి, "అదిగో, అదే" అనడం ఆమెకు అలవాటు. మూసేసిన గదిలో కూడా ఆ చెయ్యి అలాగే చాచింది. "అర్థమైందా?" అంది. నేను కళ్ళు పెద్దవి చేసి, బుద్ధిగల విద్యార్థిలా, "అర్థమైంది మేడమ్" అన్నాను. ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకుని ముందుకు పోయింది. చెమటతో ఆమె జాకెట్టు వీపంతా తడిసిపోయింది. సిలబస్ మొత్తం అలాగే పూర్తిచేసింది. అందరికంటే ముందు పూర్తిచేసింది.

చివరిరోజు పట్టుచీర కట్టుకొచ్చింది. సర్టిఫికెట్లు ఇచ్చారు. ప్రిన్సిపాల్ గారు మైకులో, చరిత్ర మేడమ్ గారి పాఠాలు అన్ని విభాగాలకూ ఆదర్శం అన్నారు. గ్రూపు ఫొటోలో ఆమెను ముందు వరుసలో, కుర్చీలో కూర్చోబెట్టారు. ఇన్నేళ్ళలో ఫొటోలో ఆమెకు కుర్చీ దొరకడం అదే మొదలు.

మే నెల వచ్చింది. మమ్మల్ని తీసేశారు. జూన్‌లో ఒక ఉదయం వలలు ఆరేస్తున్న మా నాన్న దగ్గర నిలబడి ఉండగా నాకు ఫోన్ వచ్చింది. ఆ సాయంత్రమే అక్క ఫోన్ చేసింది.

"నీకొచ్చిందా అబ్బయ్యా?"

"వచ్చిందక్కా."

"మంచిది. నాకూ వస్తాదిలే. చరిత్ర వాళ్ళని ఎప్పుడూ ఆఖర్న కదా పిలిచేది."

అది నిజం కాదు. ఎప్పుడూ ఆమెనే ముందు పిలిచేవాళ్ళు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం వానల గురించి కాసేపు మాట్లాడుకుని పెట్టేశాం. మా దగ్గర తీసేశాం అని ఎవరూ చెప్పరు. ఫోన్ రాదు, అంతే. తీసేశారని ఎవరికి వాళ్ళే మెల్లగా తెలుసుకోవాలి. ఎంత సుకుమారమైన పద్ధతో చూడండి, ఎవరి చేతికీ మరక అంటదు.

నేను ఊరుకోలేక ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్ళాను. ఆయన నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించారు. "మేడమ్ గారి పాఠాలు చాలా బాగా వచ్చాయి కదా. అంత మంచి పాఠాలు చేతిలో ఉంటే, ప్రతి ఏడూ మళ్ళీ చెప్పించడం దేనికి చెప్పండి? మీకైతే ప్రాక్టికల్స్ ఉన్నాయి, మనిషి కావాలి" అన్నారు.

"పిల్లకాయలు డౌటు అడిగితే ఎట్టా సార్?"

"వెనక్కి జరుపుకుని మళ్ళీ చూసుకోవచ్చు. అదే కదా ఇందులో సౌకర్యం."

"మొదటి ప్రాధాన్యం అన్నారు కదా సార్."

ఆయనకు కోపం రాలేదు. కోపం వచ్చినా బాగుండేది. "పై నుంచి వచ్చిన నిర్ణయం. నా చేతుల్లో లేదు" అన్నారు. ఆయన చేతుల్లో నిజంగానే లేదేమో. ఎవరి చేతుల్లో ఉందో అడిగి తెలుసుకుందామంటే, పై నుంచి అన్నప్పుడు ఆయన చూసింది మాత్రం సీలింగు ఫ్యాను వైపు. నేను టీ తాగేసి వచ్చేశాను. అరవాలనిపించింది. అరిస్తే వచ్చే జూన్‌లో నాకూ ఫోన్ రాదు. ఇంట్లో ఇద్దరు పిల్లలు.

తరగతులు మొదలైన వారంలో ఒక పొద్దున నేను ల్యాబులో రొయ్యను ట్రేలో పెట్టి పిల్లలకు చూపిస్తున్నాను. పక్కగది గోడ అవతలినుంచి అక్క గొంతు వినపడింది.

"కాలవ తవ్వినోళ్ళు ఎవురు? కరువులో తిండి లేక వచ్చినోళ్ళు..."

పిలిచారు, ఆఖరికి పిలిచారు అనుకున్నాను. చేతికున్న తడి కూడా తుడుచుకోకుండా వరండాలోకి పరుగెత్తాను. నాతో చెప్పకుండా ఎలా వచ్చింది, ఉండు, తన పని చెప్తా అనుకుంటూ పోయాను. తలుపు దగ్గరే ఆగిపోయాను.

తెర మీద అక్క ఉంది. పైన ప్రొజెక్టరు తిరుగుతోంది. బల్ల దగ్గర ఎవరూ లేరు. గదిని చీకటి చేయడానికి కిటికీలకు నల్లగుడ్డ కట్టారు. వెనక బెంచీల వాళ్ళు తలలు వాల్చి నిద్రపోతున్నారు. ముందు వరసలో ఒక పిల్ల మాత్రం కలం పట్టుకుని, ఏం రాసుకోవాలో తెలీక తెర వైపు చూస్తోంది. తెరమీద అక్క ఎడమచెయ్యి చాచి, "అదిగో, అదే" అంది. చెయ్యి చూపించినవైపు గోడ ఉంది. ఆ పిల్ల తల తిప్పి గోడను చూసింది.

"అర్థమైందా?" అంది అక్క.

గదిలో ఒక్కరూ పలకలేదు. ఆ పిల్ల పెదవులు కదిలాయి, ఏదో అడగబోయినట్టు. అంతలో స్పీకర్లలోంచి నా గొంతు గట్టిగా, హుషారుగా, "అర్థమైంది మేడమ్" అంది. తెరమీద అక్క నవ్వాపుకుని ముందుకు పోయింది.

పిల్లలు కొందరు వెనక్కి తిరిగి నన్ను చూసి, "సార్, అది మీ గొంతే కదా సార్" అని నవ్వారు. ఆ ముందు వరస పిల్ల కలం మూసేసి కూర్చుంది.

నేను ల్యాబుకు తిరిగి వచ్చాను. ట్రేలో రొయ్య అలాగే ఉంది. ఆ గంటలో పిల్లలకు ఏం చెప్పానో నాకు గుర్తులేదు. ఆ రోజునుంచి వారానికి రెండుమూడుసార్లు గోడ అవతల అక్క అడుగుతుంది, నేను అర్థమైందంటాను. ఒక్కొక్కసారి ఆమె అడగ్గానే, నా గొంతు రాకముందే చెవులు మూసుకోవాలనిపిస్తుంది. పిల్లల ముందు మూసుకోలేను కదా. ఇంతా చేసి మేం నేర్చుకున్న కొత్త విద్య ఏమిటంటే, మేం లేకపోయినా జరిగిపోయేలా పాఠం చెప్పడం. శ్రద్ధగా నేర్చుకున్నాం.

రెండో విడత శిక్షణకు నోటీసు కూడా వచ్చింది. ఈసారి ప్రాక్టికల్స్ వీడియో తీయాలట. రొయ్యను కోసి లోపలి భాగాలు చూపించడం పైనుంచి కెమెరా పెట్టి తీస్తే ప్రతి పిల్లకూ దగ్గరగా కనపడుతుందట. అది నిజమే, దగ్గరగానే కనపడుతుంది. నేను పేరు ఇచ్చాను. ఇవ్వకపోతే ఈ మే లోనే పోతాను, ఇస్తే వచ్చే మే లో పోతాను. కెమెరా కింద కూర్చోవడానికి ఈసారి ఎవర్ని పిలవాలో తెలీదు.

మొన్న నాయుడుపేటలో హైవే పక్కన బస్సు కోసం నిలబడి ఉంటే, ఎవరో వెనకనుంచి నా భుజం తట్టారు. అక్క. మెడలో కంపెనీ కార్డు, చేతిలో టిఫిన్ క్యారియరు. చీర మీద బూడిదరంగు కోటు. తడ దగ్గర కంపెనీలో, హాజరు చూసే సెక్షన్లో చేరిందట. కంపెనీ బస్సు అక్కడే ఆగుతుందట.

"బాగుండావా అబ్బయ్యా? చిక్కిపోయినావే."

"బాగుండానక్కా. నువ్వు?"

"నాకేం, కూర్చుని చేసే పనే. చేరినప్పుడు ఆడ కూడా ట్రైనింగు ఇచ్చినారు. గ్లౌజులు ఎట్టా తొడుక్కోవాలో వీడియో ఏసినారు." నవ్వింది. "అందులో మాట్లాడే ఆయమ్మి అర్థమైందా అని కూడా అడగదు. మనమే నయం."

నేను కూడా నవ్వాను. ఆమె నల్లబల్ల గురించి అడగలేదు, ప్రిన్సిపాల్ గారి గురించి అడగలేదు. క్యారియరు ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకుని, రోడ్డు వైపు చూస్తూ, "నా పాఠాలు ఏస్తా ఉండారంట కదా. పిల్లకాయలకి అర్థమవతా ఉందా?" అంది.

"అర్థమవతా ఉందక్కా" అన్నాను. నా గొంతు నాకే తెలిసింది. బెంచీ మీద కూర్చుని పలికిన గొంతే అది.

అక్క అప్పుడు రోడ్డు మీదనుంచి చూపు తిప్పి నా ముఖం చూసింది. మూడో బెంచీలో కళ్ళు దించుకున్న పిల్లను చూసినట్టే చూసింది. నేను కళ్ళు దించుకున్నాను. తరగతిలో అయితే సుద్దముక్క తీసుకుని మళ్ళీ మొదటినుంచి చెప్పేది. కంపెనీ బస్సు వచ్చి ఆగింది. కార్డు సరిచేసుకుని ఎక్కి వెళ్ళిపోయింది.